పాత రేడియో, టేపు, రికార్డ్ ప్లేయర్ రోజూ వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు విజయనగరంలో కోటకి దగ్గర్లో ఉంది. వీధి గదిలో ఒక వాల్వు రేడియో (లోపల వేడెక్కి వెలిగే గాజు గొట్టాలుండే పాతరకం), ఒక టూ-ఇన్-వన్ (రేడియో, టేపు కలిసి ఉన్నది), రికార్డ్ ప్లేయర్, ఎప్పుడో చేయించుకున్న అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్ ఉన్నాయి. ఇవన్నీ రోజూ పలుకుతాయి. ఆ శబ్దం విని దారిన పోయేవాళ్లు గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారూ, మా ఇంట్లో కూడా ఒకటుండాలండి, అటక మీద పడేశాం" అంటారు. తర్వాత అడిగే ప్రశ్నలు దాదాపు అందరివీ ఒకటే. అందుకే నాకు తెలిసినవి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఫోన్ ఉండగా ఇవన్నీ ఇంకా ఎందుకు?

ఫోన్ నా దగ్గరా ఉంది, దాంట్లోనూ పాటలు వింటాను. కానీ పొద్దున్న లేచి రేడియో మీట తిప్పితే వార్తలు వస్తాయి, వాటి వెనకే పాట వస్తుంది. ఏది వినాలా అని వెతుక్కునే పని లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి కాఫీ కలుపుకోవచ్చు, మొక్కలకి నీళ్లు పోసుకోవచ్చు. నాకైతే ఈ ఒక్క సుఖం చాలు.

రెండో కారణం యంత్రాల వైపు నుంచి చెప్తాను. ఇవి వాడితేనే బతుకుతాయి. గుడ్డ చుట్టి బీరువాలో పెట్టిన టేప్‌రికార్డర్ పదేళ్లలో పాడవుతుంది. రోజూ తిరిగేది ముప్పై ఏళ్లయినా తిరుగుతుంది. నడవని మోటారులో నూనె గట్టిపడుతుంది, రబ్బరు బెల్టు ఉన్నచోటే వంకర తిరిగి బిగుసుకుంటుంది, కరెంటుని కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లు కరెంటు ముఖం చూడక లోపల బలహీనపడతాయి, స్విచ్చుల మీద చిలుము పడుతుంది. జాగ్రత్తగా దాచాం అనుకుంటూనే చంపేస్తున్నాం. ఇష్టమున్న వస్తువుని రోజుకి అరగంటైనా వాడండి.

అటక మీద పదేళ్లుగా ఉన్న రేడియోకి ప్లగ్ పెట్టి చూడొచ్చా?

దయచేసి పెట్టకండి. అందరూ మొదట చేసేది అదే, ఎక్కువ సెట్లు కాలిపోయేదీ అప్పుడే. దింపగానే ఆత్రం ఆగదు, నాకు తెలుసు. ఒక్కరోజు ఆగండి.

ముందు వెనక మూత తీసి బ్రష్‌తో దుమ్ము దులపండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో, బల్లి గుడ్లు, చీమల మట్టి ఉన్నాయేమో చూడండి. బ్యాటరీల గది తెరవండి. పాత సెల్లులు కారి ఉంటే తెల్లగానో పచ్చగానో పేరుకుని ఉంటుంది. ఆల్కలైన్ సెల్ కారితే అది క్షారం, కాబట్టి నిమ్మరసం చుక్క వేసిన దూదితో తుడవాలి. మామూలు టార్చిలైటు సెల్ కారితే అది ఆమ్లం, దానికి తినే సోడా నీళ్లు వాడాలి. తర్వాత పొడిగుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వాలి.

ఆ తర్వాత సీరీస్ బోర్డు. పాత మెకానిక్‌లందరి దగ్గరా ఇది ఉండేది. కరెంటు నేరుగా రేడియోకి వెళ్లకుండా, దారిలో ఒక 60 లేదా 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు పెడతారు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ వేసినప్పుడు బల్బు ఒక్కసారి వెలిగి నెమ్మదిగా మసకబారిందంటే సెట్టు చాలావరకు బాగున్నట్టే. వాల్వు రేడియో అయితే పూర్తిగా మసకబారదు, కొంచెం ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. బల్బు పూర్తి కాంతితో అలాగే వెలిగిపోతుంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది. వెంటనే ఆపి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. బల్బు లేకుండా పెట్టి ఉంటే అక్కడే పొగ వచ్చేది.

బోర్డు సొంతంగా కట్టడం రాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పది నిమిషాల పని.

ముట్టుకుంటే షాక్ కొడుతుంది. పాతది కాబట్టి మామూలేనా?

మామూలు కాదు. వెంటనే ప్లగ్ తీసేయండి.

కొన్ని పాత వాల్వు సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి ఇనప చట్రానికి కలిసి ఉంటుంది. రెండు కాళ్ల ప్లగ్‌ని తిప్పి పెడితే ఆ చట్రమంతా లైవ్ అవుతుంది. నాబ్ ఊడిపోయి ఇనుప కడ్డీ బయటికి కనపడే రేడియోని తడి చేత్తో తిప్పితే ప్రాణానికే ప్రమాదం. ఇంకో మాట: వాల్వు సెట్టు ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో 250 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. "ప్లగ్ తీసేశాం కదా" అని వేలు పెట్టకండి. ట్రాన్సిస్టర్ సెట్టు మూత తీసి నేర్చుకోండి, వాల్వు సెట్టు మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి.

పాత రేడియోలో ఇప్పుడు స్టేషన్లు వస్తాయా? మాకు గరగర తప్ప ఏమీ రావడం లేదు.

మన జిల్లాలవాళ్లకి మీడియం వేవ్ అంటే విశాఖపట్నం కేంద్రమే. 1963లో మొదలైంది. 927 కిలోహెర్ట్జ్ దగ్గర వెతకండి. డయల్ మీద మీటర్లు మాత్రమే రాసి ఉన్న పాత సెట్టయితే 324 మీటర్ల ప్రాంతంలో ముల్లు ఆపండి. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ చోట అద్దం మీద బొట్టుబిళ్ల అంటించి ఉండేది. నాయనమ్మకి అంకెలు రావు, ముల్లు బొట్టు కిందికి వస్తే చాలు. మధ్యాహ్నం పూట మాత్రం బొట్టు వదిలేసి, సిలోన్ తెలుగు పాటల కోసం షార్ట్‌వేవ్‌లోకి వెళ్లేవాళ్లం.

గరగరకి పదింట తొమ్మిదిసార్లు కారణం రేడియో కాదు, మన ఇల్లే. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఫ్యాన్‌కి పెట్టిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు, ఇన్వర్టరు, ఇవన్నీ మీడియం వేవ్ మీద చప్పుడు వెదజల్లుతాయి. పరీక్ష చాలా తేలిక. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ పట్టుకుని మెయిన్ స్విచ్ ఆపి చూడండి. గరగర పోయిందా? అయితే ఒక్కొక్కటీ వేసుకుంటూ రండి, దొంగ దొరుకుతాడు. మా ఇంట్లో ఆ దొంగ మంచం పక్కన గోడకి వదిలేసిన ఒక ఛార్జరు.

తర్వాత రేడియోని నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. లోపల నల్లటి ఫెరైట్ కడ్డీకి చుట్టిన తీగే మీడియం వేవ్‌కి ఏరియల్. ఆ కడ్డీ పొడవు స్టేషన్ ఉన్న దిక్కుకి అడ్డంగా ఉంటే బాగా పట్టుకుంటుంది, మొన స్టేషన్ వైపు ఉంటే దాదాపు పట్టుకోదు. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ విశాఖ మనకి నైరుతి వైపు. రేడియో ముఖమో వీపో అటు తిరిగి ఉండేలా పెట్టి చూడండి. పైన లాగే స్టీలు కడ్డీ ఎఫ్ఎంకి, షార్ట్‌వేవ్‌కి మాత్రమే. మీడియం వేవ్ రావడం లేదని దాన్ని ఎంత లాగినా లాభం లేదు.

చీకటి పడ్డాక దూరపు స్టేషన్లు వినిపిస్తాయి. పగలు మీడియం వేవ్‌ని పీల్చేసే వాతావరణపు పొర సూర్యాస్తమయంతో పోతుంది, పైపొర తరంగాలని తిప్పి కిందికి పంపుతుంది. వేరే వేరే భాషలు ఒకదాని మీద ఒకటి తేలుతూ వస్తుంటే వినడం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఎఫ్ఎం ఉన్న జపాన్ సెట్టు, అయినా స్టేషన్లు రావడం లేదు. ఎందుకు?

డయల్ మీద 76 నుంచి 90 అని ఉందేమో చూడండి. అది జపాన్ దేశంలోనే అమ్మడానికి చేసిన సెట్టు. మన ఎఫ్ఎం 88 నుంచి 108 దాకా, అందులోనూ స్టేషన్లు ఎక్కువగా 90కి పైన. సెట్టు బాగానే ఉంది, దాని బ్యాండే వేరు. టేపు కోసం వాడుకోండి.

కరెంటు బిల్లు పెరుగుతుందా?

వాల్వు రేడియో సుమారు 50 వాట్లు. రోజుకి 4 గంటలు వేస్తే నెలకి 6 యూనిట్లు. ట్రాన్సిస్టర్‌కి అదీ లేదు.

క్యాసెట్ పెడితే టేపు నలిగి చుట్టుకుపోతోంది. ప్లేయర్ తప్పా, క్యాసెట్ తప్పా?

ఎక్కువగా ప్లేయర్ తప్పు. మూడు చోట్ల చూడండి.

మొదటిది బెల్టు. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో కదలాలి. టేపుని లాగే కడ్డీ సరిగ్గా తిరుగుతూ, కుడి చక్రాన్ని తిప్పే బెల్టు మాత్రం వదులైపోతే, బయటికి వచ్చిన టేపుని చుట్టుకునేవాడు ఉండడు. అది అక్కడే కుప్పపడి లోపలికి పోతుంది. బాగా పాతబడ్డ బెల్టులు కొన్ని తారులా కరిగి చక్రాలకి అంటుకుని ఉంటాయి. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపిగ్గా తుడిచి తియ్యాలి, బట్టలకి అంటితే పోదు. కొత్త బెల్టు కొనేటప్పుడు పాతదాని కొలత తీసుకోండి. సాగిపోయిన బెల్టు పొడవునే కొలిచి అంతే తెస్తే కొత్తదీ వదులే అవుతుంది. కొంచెం చిన్నది తీసుకోవాలి.

రెండోది రబ్బరు రోలరు. టేపుని కడ్డీకి అదిమి పట్టేది ఇదే. దీని మీద గోధుమరంగు పొడి పేరుకుని నున్నగా మెరుస్తుంటే టేపు పక్కకి జారుతుంది. తడి దూదితో రంగు రావడం ఆగేదాకా తుడవండి.

మూడోది హెడ్, అంటే టేపుకి ఆని దాని మీది శబ్దాన్ని చదివే భాగం. పాట మందంగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వినపడుతుంటే హెడ్ మీద మురికి ఉందని అర్థం. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. మా వీధిలో ఒకాయన కొబ్బరినూనె రాశారు. టేపు మీద టేపు జిడ్డై ఆయన దగ్గరున్న మంచి భజన క్యాసెట్లన్నీ పోయాయి, చాలా బాధేసింది. నూనె ఏదీ వద్దు.

క్యాసెట్ వైపు తప్పు ఉంటే అది సాధారణంగా లోపల హెడ్‌కి ఎదురుగా ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిపోవడం. పాడైపోయిన వేరే క్యాసెట్‌లోంచి తీసి అంటించవచ్చు. సీ-90 (తొంభై నిమిషాల) టేపు సీ-60 (అరవై నిమిషాల) టేపు కన్నా పల్చన. అందుకే మంచి రికార్డింగులకి మేం ఎప్పుడూ సీ-60 కొనేవాళ్లం.

ఇంట్లోవాళ్ల గొంతులున్న క్యాసెట్లని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?

ఈ ప్రశ్నకి తీరిగ్గా జవాబు చెప్తాను, ఎందుకంటే సినిమా పాట పోతే ఇంకోచోట దొరుకుతుంది, ఇది పోతే పోయినట్టే.

మన ఊళ్లలో టేప్‌రికార్డర్ వచ్చిన కొత్తలో జనం రికార్డు చేసింది ఏమిటో గుర్తు తెచ్చుకోండి. పెళ్లిలో ఆడవాళ్ల పాటలు, పిల్లల పద్యాలు, ఊళ్లో జముకుల కథ చెప్పినవాళ్ల గొంతు, తప్పెటగుళ్లు, హరికథ, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఉత్తరం బదులు పంపిన మాటల క్యాసెట్. ఇవేవీ ఏ కంపెనీ అమ్మలేదు. ఒక్కటే కాపీ, అది మీ బీరువాలో ఉంది.

ముందు క్యాసెట్ పైఅంచున రెండు చివర్లా ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా చెరిగిపోదు. టేపు మీద తెల్లటి బూజు ఉంటే ప్లేయర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్‌కీ, అక్కణ్నుంచి మిగతా క్యాసెట్లకీ ఎక్కుతుంది. దాన్ని విడిగా శుభ్రం చేయించాలి. బూజు లేకపోతే ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ మొదటికి చుట్టండి. ఏళ్ల తరబడి అతుక్కుని ఉన్న పొరలు విడిపోతాయి. హెడ్ తుడవండి. ముందు విలువలేని క్యాసెట్ ఒకటి పెట్టి ప్లేయర్ సరిగ్గా లాగుతోందని చూసుకున్నాకే అసలుది పెట్టండి.

తర్వాత ప్లేయర్ లైన్ అవుట్ నుంచి, అది లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి, కంప్యూటర్‌కి తీగ కలపాలి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో నేరుగా పెడితే శబ్దం పగిలిపోతుంది, పైగా రెండు చానెళ్లూ ఒకటైపోతాయి. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనుక్కోండి, లైన్ ఇన్ ఉన్నది అడగండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే సీ-60 మొత్తం 600 ఎంబీ ప్రాంతంలో వస్తుంది. ఎంపీ3 తర్వాత కావాలంటే చేసుకోవచ్చు, అసలు ప్రతి మాత్రం వేవ్‌లోనే ఉండాలి.

గొంతు మసకగా ఉంటే హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ చూడండి. టేపుకి హెడ్ ఎంత నిటారుగా నిలబడాలో అది నిర్ణయిస్తుంది. క్యాసెట్ రికార్డయిన యంత్రం వేరు, మీరు వినిపిస్తున్నది వేరు కాబట్టి రెండింటికీ రవ్వంత తేడా ఉంటుంది. పాట నడుస్తుండగా ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ "స", "శ" అక్షరాలు స్పష్టంగా వినపడే చోట ఆపండి. ఎంతో మార్పు కనిపిస్తుంది.

గరగర పోగొట్టే ఫిల్టర్లు మరీ ఎక్కువ వాడకండి. మా పెద్దమ్మ పాడిన మంగళహారతిని నేను అలా శుభ్రం చేశాను. గరగరతో పాటు వెనకాల పెరట్లో గిలక చప్పుడు కూడా పోయింది. అదృష్టం బాగుండి అసలు ఫైలు ఉంచుకున్నాను. ఆ నుయ్యి ఇప్పుడు లేదు. గిలక చప్పుడు ఆ ఫైల్లోనే ఉంది.

రెండు కాపీలు చేసి రెండు ఇళ్లలో పెట్టండి. క్యాసెట్ మాత్రం పారేయకండి.

మాది సముద్రం దగ్గరి ఊరు. ఉప్పుగాలికి నిలుస్తాయా?

కళింగపట్నం, భావనపాడు, ఇటు భోగాపురం వైపు ఉన్నవాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు. లోహం తుప్పు పట్టడం నిజమే, కానీ ఇక్కడా వాడకమే మందు. రోజూ వేసే సెట్టు లోపల కొంచెం వెచ్చగా ఉండి తేమ చేరనివ్వదు. సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకండి. గోడకి ఆనించకుండా బెత్తెడు జాగా వదలండి. వాల్యూమ్ తిప్పితే కరకరమంటుంటే కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి నాబ్‌ని ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. క్యాసెట్లు, రికార్డులు ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో అవి మార్చండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టడం మాత్రం వద్దు, ఉన్న తేమ లోపలే ఉండిపోతుంది.

ఒక ప్రత్యేకమైన సంగతి. పాత రికార్డ్ ప్లేయర్ల ముల్లు వెనక ఉండే క్రిస్టల్ కార్ట్రిడ్జ్ గాల్లో తేమని పీల్చి కరిగిపోయే లవణంతో చేసింది. మన తీరంలో అది బతికి ఉండటం అరుదు. ప్లేయర్ తిరుగుతోంది, శబ్దం పీలగా ఉంది అంటే ముందు దాన్నే అనుమానించండి. దాని బదులు సిరామిక్ కార్ట్రిడ్జ్ వేస్తే సరిపోతుంది.

తాతలనాటి నల్ల రికార్డులు ఎల్పీ ప్లేయర్ మీద వెయ్యొచ్చా?

ఆ పాత రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, ఎల్పీలు తర్వాత వచ్చిన 33⅓ చుట్లవి. కాబట్టి ప్లేయర్‌లో 78 వేగం ఉండాలి, ముల్లు మారాలి. 78 రికార్డు గాడి వెడల్పు, దాని ముల్లు మొన సుమారు 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎల్పీ ముల్లు 18 నుంచి 25. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున మట్టిలో దొర్లుతుంది, చప్పుడే ఎక్కువ. 78 ముల్లుతో ఎల్పీ వేస్తే ఇంకా అన్యాయం, గాడి చెక్కుకుపోతుంది. చాలా పాత ప్లేయర్లలో ముల్లు పక్కన చిన్న మీట ఉంటుంది, తిప్పితే రెండో వైపు వస్తుంది. రికార్డు మార్చినప్పుడల్లా అది చూసుకోవడం అలవాటు చేసుకోండి.

కడిగే విషయంలో మరీ జాగ్రత్త. 78లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరుగుతాయి. చల్లటి నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ, లేబుల్ తడవకుండా, అంతే. వెంటనే నీడలో ఆరబెట్టాలి.

మన ఊళ్లో ఈ రికార్డులు ఇంకా దొరుకుతుంటాయి. ఎందుకు దొరకవు? 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఘంటసాలగారు, సుశీలగారు చదువుకున్నది ఇక్కడే. సంగీతం మీద మక్కువతో రికార్డు కొనుక్కున్న ఇళ్లు ఎన్నో ఉండేవి. పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే వెళ్లి అడగండి. నాయుడుగారి వయొలిన్ 78 ఒకటి నాకు అలాగే, పగలగొట్టిన గూట్లోని పాత పేపర్ల కింద దొరికింది. ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. ఆ మూడు నిమిషాలూ మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి తెచ్చిన సెట్లు మన కరెంటుకి పనిచేస్తాయా?

గల్ఫ్ నుంచి తెచ్చినవి చాలావరకు చేస్తాయి. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట వైపు ఇళ్లలో ఇలాంటి సెట్లు చాలా చూశాను. వెనక 110, 220 అని ఒక మీట ఉందేమో చూసి, అది 220 వైపే ఉందని రూఢి చేసుకోండి. పిల్లలు ఆడుకుంటూ తిప్పి ఉంటే ప్లగ్ పెట్టిన క్షణమే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మీట సరైన చోట ఉన్నాక దాని మీద టేపు అంటించేయండి.

అమెరికా సెట్టుకి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది వోల్టేజీ తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే మోటారున్న టర్న్‌టేబుల్ ఇక్కడ 33⅓ బదులు సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది, పాట సాగుతుంది. రేడియో గడియారమైతే గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది.

ఫోన్‌లో పాటలు పాత సెట్టులోంచి వినొచ్చా?

తప్పకుండా వినొచ్చు. వెనక గుండ్రటి ఐదు రంధ్రాల సాకెట్ ఉంటే అది డిన్ సాకెట్. దానికీ ఫోన్‌కీ మధ్య తీగ మెకానిక్ కట్టిస్తాడు. తీగ వద్దనుకుంటే చిన్న బ్లూటూత్ రిసీవర్ తగిలించండి. టర్న్‌టేబుల్‌ని కొత్త ఆంప్లిఫైయర్‌కి కలపాలంటే మాత్రం చూసుకోండి. అయస్కాంతం ఉన్న కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. మధ్యలో దాన్ని పెంచే ఫోనో ప్రీ-ఆంప్ లేకపోతే పాట దోమ పాడినట్టు ఉంటుంది.

పాత మైక్ సెట్ ఆంప్లిఫైయర్ ఇంట్లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, గట్టి సరుకు. పైడితల్లి అమ్మవారి సిరిమానుకి మూడు లాంతర్ల దగ్గర రోజంతా ఎండలో మోగినవి ఇలాంటివే. లోపల 2ఎన్ 3055 ట్రాన్సిస్టర్లు ఉంటాయి, పోతే మార్చడం తేలిక. వెనక స్పీకరు బిగించే చోట 4, 8, 16 అని, పక్కన 70 వోల్టులు, 100 వోల్టులు అని ఉంటుంది. ఇంటి స్పీకరు 8 ఓమ్‌లదైతే 8 దగ్గరే బిగించండి. 100 వోల్టుల దగ్గర బిగిస్తే స్పీకరు కాలిపోతుంది. గొట్టం స్పీకరు ఇంట్లో వద్దు. అది మాట దూరం మోయడానికి చేసింది, పాటకి కాదు.

మెకానిక్‌లు ఎక్కడున్నారు? విడిభాగాలు దొరుకుతాయా?

గంటస్తంభం దగ్గర సందులో ఒకాయన కూర్చునేవారు. ముందు సెట్టుకి చెవి ఆనించి, తర్వాతే స్క్రూడ్రైవర్ తీసేవారు. "గుంయ్ అంటోంది కదా మాస్టారూ, ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోనాది" అని మూత తీయకుండానే చెప్పేవారు (కండెన్సర్ అన్నా కెపాసిటర్ అన్నా ఒకటే), అదే నిజమయ్యేది. ఆయన దగ్గర కూర్చునే నేను ఇదంతా నేర్చుకున్నాను. ఆయన ఇప్పుడు లేరు.

సెల్‌ఫోన్ రిపేరు కొట్లలో అడిగితే "ఇది అవదండి" అంటారు. ఆంప్లిఫైయర్లు, మైక్ సెట్లు బాగుచేసేవాళ్లని అడగండి, టీవీలు చేసిన పాతతరం వాళ్లని అడగండి. ఇంట్లోంచే పనిచేస్తున్నవాళ్లు ఉంటారు. వాళ్లతో బేరమాడకండి. మూడు గంటలు కూర్చుని తప్పు పట్టుకున్న మనిషికి రెండు రూపాయల కెపాసిటర్ ధర చూపించి డబ్బు తగ్గించమనడం న్యాయం కాదు. అలా తగ్గించే ఇంతమందిని ఈ పని మాన్పించాం.

కెపాసిటర్లు, బెల్టులు, స్పీకరు కోన్లు దొరుకుతాయి. టీబీఏ 810, ఎల్‌ఏ 4440 లాంటి ఐసీలు (ఆంప్లిఫైయర్ పని చేసే చిప్పులు) కూడా అమ్ముతున్నారు, కానీ నకిలీలు చాలా వస్తున్నాయి. ఏ విడిభాగం తీసినా పాతదాన్ని అడిగి వెనక్కి తెచ్చుకోండి. ఒకసారి ఒక కొట్లో నా సెట్టులో మంచి ఐసీ తీసేసి చవకది వేశారు. పాతది చేతిలో లేకపోవడంతో ఏమీ అడగలేకపోయాను.

పిక్చర్ ట్యూబ్ టీవీ వాడొచ్చా?

సెట్ టాప్ బాక్సుని ఏవీ తీగతో కలిపి వాడొచ్చు. మూత మాత్రం మీరు తీయకండి, లోపల 20 వేల వోల్టులకి పైన ఉంటుంది. పోయిన ట్యూబుని పాత ఇనుము బండికి వేయకండి. రాగి కోసం దాన్ని వీధిలో పగలగొడతారు, ఆ గాజులో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లో ఉన్నాయి. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే చేరాలి.

తుఫాను వస్తే నిజంగా పనికొస్తాయా?

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మా వీధిలో స్తంభాలు పడిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. మొదటి రాత్రికే ఫోన్లు ఆరిపోయాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటింది. కవిటి దగ్గర ఊళ్లో మా అప్ప ఇంటి కొబ్బరిచెట్లు ఒక్కటీ మిగల్లేదు. వాళ్లకి బయటి కబురు తెలిసింది బావగారి రెండు సెల్లుల ట్రాన్సిస్టర్ నుంచే. అరుగు మీద పెడితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వచ్చి విన్నారు.

కాబట్టి ఆశ్వయుజం రాకముందే ఒక ట్రాన్సిస్టర్ పనిచేసేలా చూసుకోండి. సెల్లులు రేడియోలో వదలకండి, పక్కన డబ్బాలో పెట్టండి. నెలకోసారి వేసి విని మళ్లీ తీసేయండి.

పిల్లలు ముట్టుకుంటే పాడుచేస్తారేమో?

ముట్టుకోనివ్వండి. కరెంటు సెట్టు కాకుండా బ్యాటరీ ట్రాన్సిస్టర్ ఇవ్వండి. మా మనవరాలు ముల్లు తిప్పి తనంతట తాను స్టేషన్ పట్టుకున్న రోజు మా ఇంట్లో పండగ. ఇప్పుడు పొద్దున్న రేడియో వేసేది తనే.

మా దగ్గరున్న పాత టేప్‌రికార్డర్ మీకు ఇచ్చేస్తాం, తీసుకుంటారా?

ముందు మీరే వాడి చూడండని అంటాను. బెల్టు వేయించి, హెడ్ తుడిచి, ఒక వారం వంటింట్లో పెట్టుకోండి. అప్పటికీ వద్దంటే తీసుకుంటాను.

ఇచ్చేముందు క్యాసెట్ తలుపు తెరిచి చూడండి. శ్రీకాకుళం నుంచి ఒక కుర్రాడు తన తాతగారి టూ-ఇన్-వన్ తెచ్చి ఇచ్చి వెళ్లాడు. తలుపు బిగుసుకుపోయి ఉంది. రెండు రోజులు పట్టింది తియ్యడానికి. లోపల క్యాసెట్ ఉంది, సగంలో ఆగి ఉంది. బెల్టు మార్చి, హెడ్ తుడిచి, వెనక్కి చుట్టకుండా ఆగిన చోటు నుంచే వేశాను. ఒక పెద్దాయన విత్తనాల లెక్క చెప్తున్నారు, పక్కన ఎవరో రాసుకుంటున్నారు, మధ్యలో ఒక పసివాడు "తాతా, నేనూ మాట్లాడతా" అంటున్నాడు. ఆ కుర్రాడికి ఫోన్ చేసి వినిపించాను. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే వచ్చి సెట్టు తీసుకెళ్లాడు.